డబ్బాకు వెనక తలుపు

తన బండి ఎక్కడికి వెళ్తే అక్కడికి శత్రువు ముందే వచ్చి కూర్చుంటున్నాడు. ఒకసారైతే వాడి అదృష్టం అనుకోవచ్చు. ఇంకోసారైతే మన ఖర్మ అనుకోవచ్చు. ప్రతి ఆటలోనూ అదే జరుగుతుంటే సృజన్‌కు ఒక్కటే తోచింది. లోపలివాడెవడో ఉప్పందిస్తున్నాడు.

బండి అంటే రోడ్డు మీద తిరిగే బండి కాదు, కంప్యూటర్ ఆటలో బండి. ఆ ఆటకు ఇంగ్లీషులో బారెడు పేరుంది. నిజామాబాద్ బస్టాండు వెనక సందులో, టైలరు దుకాణం పైన ఉన్న సత్తార్ ఉస్తాద్ గేమింగ్ సెంటర్‌లో మాత్రం అందరూ దాన్ని ‘జంగ్’ అంటారు. రెండు జట్లు, ఒక పాడుబడ్డ ఊరు, ఊరి మధ్యన ఒక జెండా. ఎవరి సిపాయిలు ఆ జెండా దగ్గరికి చేరి దాన్ని దింపి తమది ఎక్కిస్తే వాళ్లు గెలిచినట్టు.

ప్రతి జట్టుకూ ఒకే ఒక ఉక్కు బండి ఇస్తారు. ట్యాంకు తీసుకోవచ్చు, లేదా ఐఎఫ్‌వీ తీసుకోవచ్చు. సత్తార్ ఉస్తాద్ జట్టు ఎప్పుడూ రెండోదే తీసుకుంటుంది. ఈ కాలపు సైన్యాల్లో కాల్బలం వాడే బండి అది. ట్యాంకులాగే గొలుసుల మీద పాకుతుంది. నెత్తిన గిర్రున తిరిగే గన్ను, పక్కన మిస్సైల్ గొట్టం ఉంటాయి. తెలియనివాళ్లు దాన్ని ట్యాంకే అనుకుంటారు. అయితే దాని ఉక్కు ట్యాంకు ఉక్కంత మందం కాదు. సరైన చోట ఒక్క మిస్సైల్ తగిలితే దాని కథ ముగుస్తుంది. కడుపులో సిపాయిలను కూర్చోబెట్టుకుని పోరు జరిగే చోటిదాకా తీసుకెళ్లడం, వెనక తలుపు తెరిచి దింపడం, దిగినవాళ్లకు గన్నుతో కాపు కాయడం దాని పని. సెంటర్ పిల్లలు దాన్ని ముద్దుగా డబ్బా అంటారు.

డబ్బా నడిపేది సృజన్. ఆ జిల్లాలో అతన్ని మించి నడిపేవాడు లేడని అందరూ అంటారు, అందరికన్నా ముందు అతనే అంటాడు. వెనక ఎక్కేవాళ్లు మమత, గంగాధర్, ఇంకో ఇద్దరు. ఆదివారం హైదరాబాద్‌లో పెద్ద పోటీ ఉంది. ఇంటర్ తప్పినప్పుడు కూడా పట్టని నిద్రలేమి ఈ పోటీ తలపుతో సృజన్‌కు పట్టుకుంది.

ఇక అనుమానం ఎవరి మీద పడాలి? కొత్తగా వచ్చినవాడి మీదే కదా. గంగాధర్ ఆర్మూర్ నుంచి వచ్చాడు. వీళ్లను పదే పదే ఓడిస్తున్నది ఆర్మూర్ సెంటర్ జట్టు. రెండూ రెండూ కలిపితే నాలుగు కాక ఏమవుతుందని సృజన్ లెక్క. గంగాధర్ తక్కువ మాట్లాడతాడు. అదొక గుర్తు. ఫోను బల్ల మీద బోర్లా పెడతాడు. అది ఇంకో గుర్తు. సృజన్ ఫోను కూడా బోర్లానే ఉంటుందనుకోండి, ఆ సంగతి అతనికి తట్టలేదు.

"ఆర్మూర్ల నీకు ఎవలున్నరు?" అని ఒకనాడు మామూలుగా అడిగినట్టు అడిగాడు.

"మా అక్క ఇల్లు ఆడనే," అన్నాడు గంగాధర్.

అక్కట, అనుకున్నాడు సృజన్. అక్క లేనివాడెవడు? అడ్డం పెట్టుకోవడానికి అక్కను మించిన సాకు ఏముంటుంది?

అనుమానం పెనుభూతం అన్నారు పెద్దలు. భూతానికైనా తిండి పెట్టాలి కదా. సృజన్ దానికి మూడు పూటలా పెట్టాడు. ముందుగా ఒక పరీక్ష పెట్టాలనుకున్నాడు. ఆట మొదలయ్యే ముందు గంగాధర్ చెవిలో, "సిమెంటు గోదాం దిక్కు పోతున్న, ఎవలకు చెప్పకు" అన్నాడు. అటే పోయాడు. గోదాం మలుపు దాటాడో లేదో, మిస్సైల్ వచ్చి డబ్బాకు తగిలింది. దొరికాడు దొంగ.

మరుసటి ఆటలో పరీక్షను ఖాయం చేసుకుందామని మమత చెవిలో మాత్రం రైలు గేటు పేరు చెప్పాడు. గంగాధర్‌కు చెప్పలేదు. అక్కడా మిస్సైలే. ఇలాంటప్పుడు బుద్ధున్నవాడు తన లెక్క తప్పిందేమో అనుకుంటాడు. సృజన్ అలా అనుకోలేదు. పొద్దున మమతా గంగాధర్ కింద టైలరు దుకాణం ముందు నిలబడి చాయ్ తాగడం తను కళ్లారా చూశాడు. అంటే ఇద్దరూ ఒకటే.

నిజానికి ఆ ముందురోజే మమత అతన్ని ఒక మాట అడిగింది. "అన్నా, మల్పు మల్పుకు గంత పొగ ఎందుకు?" అని.

డబ్బా ముక్కు దగ్గర పొగ గుండ్లు విసిరే గొట్టాలు ఉంటాయి. మీట నొక్కితే ముందంతా తెల్లటి పొగ కమ్ముకుంటుంది. ఆ పొగలోంచి బండిని దాటించవచ్చు. పోటీ భయం పట్టుకున్నప్పటి నుంచి సృజన్ పొగ వేయకుండా ఏ మలుపూ దాటడం లేదు. తెర మొత్తం తెల్లగా మారగానే, చలికాలం పొద్దున దుప్పటి ముసుగు తన్నినట్టు ప్రాణానికి హాయిగా ఉండేది.

పొగ మానమని మమత ఎందుకంటుంది? తన బండి బట్టబయలు కావాలని కాకపోతే? అప్పుడు ఆ మాట విని ఊరుకున్నాడు గానీ, చాయ్ సంగతితో కలిపి చూసుకుంటే అంతా తేటతెల్లమైంది.

దాంతో సృజన్ ఇంకో మెట్టు పైకెక్కాడు. డబ్బాలో ఎవరినీ ఎక్కించుకోకుండా పోవడం మొదలుపెట్టాడు.

"మీరు నడుసుకుంట రాండ్రి. నేను ముందుగాల పోయి బాట సాఫు చేస్త," అన్నాడు.

"నడుసుకుంటనా?" అంది మమత. "గప్పుడు డబ్బా ఎందుకే? ట్యాంకే తీసుకోకపోయినవా?"

సృజన్ అప్పటికే డబ్బా కదిలించాడు. గంగాధర్ మాత్రం ఏమీ అనకుండా తన సిపాయిని నడిపించుకుంటూ పాడుబడ్డ ఊళ్లోకి బయల్దేరాడు. అంత మంచితనం కూడా సృజన్‌కు గిట్టలేదు. గుట్టు ఉన్నవాడే అంత అణిగిమణిగి ఉంటాడు.

సృజన్ ఖాళీ డబ్బా వేసుకుని, ఎవరికీ ఒక్క ముక్క చెప్పకుండా, ఎన్నడూ పోని బడి దారిన పోయాడు. మలుపు దగ్గర ఆగాడు. పొగ వేశాడు. దాటాడు. మిస్సైల్ సరిగ్గా వచ్చి తగిలింది. డబ్బా భగ్గుమంది.

సృజన్ హెడ్‌సెట్ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. ఈసారి తను ఎటు పోతున్నాడో గంగాధర్‌కు తెలియదు, మమతకు తెలియదు. ఆ గదిలో అందరి తెరలూ కనిపించే మనిషి ఇంకెవరు?

మెల్లగా తలెత్తి కిటికీ వైపు చూశాడు.

కిటికీ దగ్గర కుర్చీలో సత్తార్ ఉస్తాద్ కూర్చుని, తెగిన హెడ్‌సెట్ తీగకు నల్ల టేపు చుడుతున్నాడు. నెరిసిన గడ్డం, ముక్కు చివరికి జారిన కళ్లద్దాలు. నాణెం వేసి ఆడే ఆటల కాలం నుంచి ఈ ఊరి పిల్లలకు ఆట నేర్పిన మనిషి. ఇప్పుడు ఆడడు. తెరల వైపు కూడా ఎక్కువగా చూడడు. కీబోర్డుల టకటక విని, "ఎవడ్రా ఆ మూలకు, భయపడుతున్నవ్" అంటుంటాడు. ఆ మాట నిజమే అవుతుంది. సృజన్‌కు జంగ్ నేర్పింది ఆయనే. అబ్బాయి పొద్దున అన్నం తినకుండా వస్తే మొహం చూసి కనిపెట్టి కింద నుంచి ఇడ్లీ తెప్పించేదీ ఆయనే.

ఆర్మూర్ సెంటర్ నడిపే వాహెద్ కూడా ఒకప్పుడు ఉస్తాద్ శిష్యుడే. ఈ సంగతి సృజన్‌కు ఎప్పటి నుంచో తెలుసు. ఇప్పుడే ఎందుకో కొత్తగా తెలిసినట్టనిపించింది.

ఆ సాయంత్రం ఉస్తాద్ మెట్ల మీద నిలబడి ఫోన్లో మాట్లాడుతుంటే, సృజన్ తలుపు వెనక నక్కి విన్నాడు.

"అరె వాహెద్, పొద్దుగాలనే వచ్చి ఆడ కూసోవాలె. ఆలస్యమైతే దొరకడు," అంటున్నాడు ఉస్తాద్.

ఎవడు దొరకడు? తనేనా? నిజానికి ఆ మాటలు వాహెద్ తల్లి మోకాళ్ల నొప్పుల గురించీ, ఊళ్లోకి వచ్చే డాక్టరు గురించీ. ఇంకాసేపు నిలబడి ఉంటే మిగతాది కూడా వినేవాడే. కానీ అనుమానానికి సగం మాట చాలు, పూర్తి మాట దానికి అరగదు.

మర్నాడు మళ్లీ ఓడారు. ఆర్మూర్ జట్టు జెండా ఎక్కించేసింది. తెర మీద వాళ్ల పేర్లు పచ్చగా మెరుస్తుంటే, సృజన్ కుర్చీ వెనక్కి తన్ని లేచాడు.

ఉస్తాద్ మీద అనుమానం ఉంది. అది నోటితో అనే ధైర్యం లేదు. ధైర్యం లేని కోపం ఎప్పుడూ పక్కవాడి మీదికే పోతుంది.

"ఈ జట్టుల ఒక దొంగ ఉన్నడు," అన్నాడు.

సరిగ్గా అప్పుడే గంగాధర్ హెడ్‌సెట్ సర్దుకున్నాడు.

"చూసిండ్రా? గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకుంటున్నడు!" అని అరిచాడు సృజన్. "ఉస్తాద్, నేను యాడికి పోతే గా జాగ ఆర్మూరోళ్లకు ముందే ఎరుకైతుంది. చెప్తున్నది వీడే. జట్టుల వీడన్న ఉండాలె, నేనన్న ఉండాలె. ఆదివారం ఎవలు పోవాల్నో మీరే చెప్పుండ్రి."

మిగతా ఇద్దరూ తల వంచుకుని కీబోర్డు చూస్తున్నారు.

"అన్నా, నీకు పిచ్చి లేసిందా?" అంది మమత.

"నువ్వు మాట్లాడకు. నీ సంగతి సుత నాకు ఎరుకే."

మమత మొహం ఎర్రబడింది. నోరు తెరిచి, ఉస్తాద్ ఉన్నాడని మూసుకుంది.

గంగాధర్ మెల్లగా హెడ్‌సెట్ తీసి బల్ల మీద పెట్టాడు. అది అతని సొంతం. వాళ్ల అక్క కొనిచ్చింది. దాని మీద చెయ్యి ఉంచి కాసేపు నిలబడ్డాడు.

"నేను చెప్పలే," అన్నాడు. అంతే. మెట్లు దిగి వెళ్లిపోయాడు. హెడ్‌సెట్ తీసుకోవడం కూడా మరిచిపోయాడు.

అందరూ ఉస్తాద్ వైపు చూశారు. ఆయన టేపు పళ్లతో తెంపాడు.

"రేపు పొద్దుగాల రా బేటా," అన్నాడు సృజన్‌తో. "నువ్వు ఒక్కనివే రా."

"మరి వాని సంగతి?"

"రేపు పగటికి చెప్త."

పొద్దున్నే సృజన్ వచ్చేసరికి సెంటర్ ఇంకా తెరవలేదు. కింద టైలరు కూడా రాలేదు. ఉస్తాద్ ఒక కంప్యూటర్ మాత్రం పెట్టి, దాని ముందు కుర్చీ వేసి ఉంచాడు. తను పక్కన నిలబడ్డాడు.

తనను ఒంటరిగా ఎందుకు పిలిచాడో సృజన్‌కు అర్థం కాలేదు. తలుపు దగ్గరికి వేశాడెందుకు? తనను జట్టులోంచి తీసేస్తాడా? తనకు అంతా తెలిసిపోయిందని పసిగట్టి బుజ్జగిస్తాడా? ఏ మాటకు ఏ జవాబు చెప్పాలో రాత్రంతా తయారు చేసుకునే వచ్చాడు.

ఉస్తాద్ అతను తయారు చేసుకున్న ప్రశ్న ఒక్కటీ అడగలేదు.

"కూసో. పాత ఆట ఒకటి పెడ్త, చూడు," అన్నాడు.

జంగ్‌లో ఆడిన ప్రతి ఆటా దాచి ఉంటుంది. కావాలంటే మళ్లీ పెట్టుకుని చూడవచ్చు, ఏ జట్టు ఆటగాడి కళ్లతోనైనా చూడవచ్చు. ఉస్తాద్ పెట్టిన ఆటలో పైన పేర్లు తీసేసి ఉన్నాయి. చప్పుడు కూడా లేదు. ఎవడో ఒక సిపాయి గుట్ట మీద రాళ్ల మధ్య బోర్లా పడుకుని ఉన్నాడు. భుజం మీద మిస్సైల్ గొట్టం. కింద పాడుబడ్డ ఊరు మొత్తం పరిచినట్టు కనిపిస్తోంది.

"నువ్వు గుట్ట మీదున్నవ్ అనుకో," అన్నాడు ఉస్తాద్. "కింద డబ్బా వస్తది. యాడికెళ్లి వస్తదో చెప్పు."

ఇదొక పరీక్షా? సృజన్ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. ఆట కనిపిస్తే అతను లోకం మరిచిపోతాడు, అదొకటి అతనిలో మంచి గుణం. గోదాం వైపు చూశాడు, రైలు గేటు వైపు చూశాడు. ఎక్కడా కదలిక లేదు.

కాసేపటికి బడి గోడ వెనక నుంచి తెల్లటి పొగ లేచింది. ముందు చిన్నగా, తర్వాత మబ్బంత.

సృజన్ పకపకా నవ్వాడు.

"ఆగో, వచ్చిండు. బడి గోడ ఎన్క ఉన్నడు. ఈ మూలకెళ్లి బైటికొస్తడు."

"పక్కానా?"

"పక్కా ఉస్తాద్. పొగ కనవడ్తలేదా? డప్పు కొట్టి ఊరంతా చాటింపు వేసుకుంట వస్తున్నడు, పిరికోడు."

"మిస్సైల్ యాడ పెడ్తవ్?"

సృజన్ తెర మీద వేలు పెట్టాడు. "ఈడ. వాడు పొగకెళ్లి బైటికి రావాలె, నేను నొక్కాలె."

వేలు అక్కడే ఉంది. పొగ చీల్చుకుని డబ్బా ముక్కు సరిగ్గా ఆ వేలి కిందికి వచ్చింది.

"ఎవలు చెప్పిండ్రు నీకు?" అన్నాడు ఉస్తాద్.

"ఎవలు చెప్పాలె ఉస్తాద్? గంత పొగ..."

మాట సగంలో ఆగిపోయింది. డబ్బా పూర్తిగా బయటికి వచ్చింది. దాని పక్కన ఎర్ర తేలు బొమ్మ ఉంది. ఆ జిల్లాలో డబ్బా మీద ఎర్ర తేలు వేయించుకున్నవాడు ఒక్కడే.

గుట్ట మీది సిపాయి మిస్సైల్ వదిలాడు. చప్పుడు లేకుండా పోయి తగిలింది. డబ్బా భగ్గుమంది. గుట్ట మీదివాడు ఇంకా గురి తీయలేదు, వెనక తలుపు తెరుచుకుంటుందేమో, ఎవరైనా దిగుతారేమో అని ఎదురుచూస్తున్నాడు. ఎవరూ దిగలేదు. డబ్బా కడుపులో సిపాయిలెవరూ లేరు. ఆ సంగతి తెలియక వాడు పాపం చాలాసేపే చూశాడు.

సృజన్ తెర మీది నుంచి వేలు తీశాడు. నవ్విన నవ్వు ఇంకా గదిలోనే తిరుగుతున్నట్టుంది.

"ఇది మొన్నటిది," అన్నాడు ఉస్తాద్. "గోదాంది సుత ఉన్నది. గేటుది సుత ఉన్నది. పెట్టాల్నా?"

"వద్దు ఉస్తాద్."

ఉస్తాద్ కంప్యూటర్ ఆపేశాడు. పక్కనున్న బల్ల మీద గంగాధర్ హెడ్‌సెట్ అలాగే ఉంది. దాని తీగను చుట్ట చుట్టి పక్కకు పెట్టాడు. కింద టైలరు షట్టరు ఎత్తిన చప్పుడు వినిపించింది.

"నేను... మీ మీద సుత అనుమానపడ్డ ఉస్తాద్," అన్నాడు సృజన్.

"ఎరుకే. తలుపు ఎన్క నీ చెప్పులు కనవడ్డయ్."

సృజన్ తలెత్తలేకపోయాడు.

"బేటా," అన్నాడు ఉస్తాద్, "గన్ను ట్యాంకుకు సుత ఉంటది. తలుపు డబ్బాకే ఉంటది."

మధ్యాహ్నానికి గంగాధర్ వచ్చాడు. లోపలికి రాలేదు, గడప దగ్గరే నిలబడ్డాడు. అప్పటికి మమతా మిగతా ఇద్దరూ వచ్చి ఉన్నారు.

"నా హెడ్‌సెట్ తీసుకపోనీకి వచ్చిన," అన్నాడు ఉస్తాద్‌తో.

సృజన్ లేచి అతని దగ్గరికి వెళ్లాడు. పొద్దుటి నుంచి మనసులో కూడబెట్టుకున్న మాటలన్నీ ఎటు పోయాయో పోయాయి.

"గంగాధర్, తప్పు నాదే. ఎవలు ఏం చెప్పలే. నా పొగనే నన్ను పట్టిచ్చింది."

గంగాధర్ అతని మొహంలోకి చూశాడు. "అందరి ముందట దొంగ అన్నవ్," అన్నాడు. గొంతు పెంచలేదు.

"అన్న."

"మా అక్క రాత్రి అడిగింది, మొహం ఎందుకు గట్లున్నదని. ఏం చెప్పాలె నేను?"

మమత చూపు తిప్పుకుంది. తన సంగతి ఇంకా మిగిలే ఉందని ఆ చూపే చెబుతోంది.

ఉస్తాద్ హెడ్‌సెట్ తెచ్చి గంగాధర్ చేతికిచ్చాడు. "తీస్కపో, నీదే కదా. ఆర్మూరోళ్లు ఆటకు కూసున్నరు. ఒక్క ఆట ఆడి పో."

"నేను నడుసుకుంట రాను ఉస్తాద్."

"నడవకు. డబ్బా నువ్వు నడుపు."

గంగాధర్ కళ్లు పెద్దవయ్యాయి. "ఎన్క ఎవలు?"

ఉస్తాద్ పోయి కిటికీ దగ్గర తన కుర్చీలో కూర్చున్నాడు. సృజన్ నాలుగడుగులు వేసి, ఎప్పుడూ గంగాధర్ కూర్చునే కుర్చీలో కూర్చున్నాడు.

ఆట మొదలైంది.

డబ్బా కడుపులో సృజన్ ఎన్నడూ కూర్చోలేదు. అక్కడ ఏమీ కనిపించదని అతనికి తెలుసు, కానీ తెలియడం వేరు, చీకట్లో కూర్చోవడం వేరు. తెర నిండా నలుపు. మూలన చిన్న ఆకుపచ్చ దీపం. ఎదురుగా మమత సిపాయి మోకాళ్లు. ఇంజను రొద. బండి ఎటు పోతోందో, ఎదురుగా ఏముందో నడిపేవాడికే తెలుసు.

బండి ఆగింది. ఎందుకాగింది? మళ్లీ కదిలింది. ఎడమకు తిరిగినట్టుంది. ఎడమవైపు గుట్ట కదా?

పొద్దున అంత జరిగినా పాత బుద్ధి మెల్లగా లేచి కూర్చుంది. నిన్న నలుగురి ముందు దొంగ అనిపించుకున్నవాడు. ఇప్పుడు తను వాడి చేతిలో ఉన్నాడు. గుట్టకు ఎదురుగా మైదానం మధ్యలో దింపేసి పోతే? ఎవరూ వాడిని తప్పు పట్టరు. వాడి స్థానంలో తనుంటే అదే చేసేవాడు. ఆ సంగతి ఒప్పుకోవడానికి సృజన్‌కు ఆ చీకట్లో పెద్దగా కష్టం కాలేదు.

వెనక కూర్చున్నవాడు తనంతట తను దూకేయడానికి ఒక కీ ఉంటుంది. సృజన్ వేలు దాని మీదికి పోయింది. బండి ఇంకా ఆగలేదు. ఇప్పుడే దూకితే కనీసం ఎక్కడ దూకాలో తను ఎంచుకున్నట్టవుతుంది. వేలు నొక్కబోయి ఆగింది. నొక్కబోయి ఆగింది. పక్క కుర్చీలో మమత చేతులు రెండూ బల్ల మీద తాపీగా ఉన్నాయి.

సృజన్ వేలు తీసేశాడు.

బండి ఒక్క కుదుపుతో ఆగింది. "దిగుండ్రి," అన్నాడు గంగాధర్.

తలుపు తెరుచుకుంది. తెల్లటి వెలుగు కళ్లల్లో పడింది. సృజన్ దిగాడు. జెండా కూడలి పక్కన కూలిన గోడ దగ్గర ఉన్నారు. గంగాధర్ డబ్బా ముక్కును గుట్ట వైపు తిప్పి నిలబెట్టాడు, దిగినవాళ్లంతా దాని చాటున ఉండేలా. గుట్ట మీది నుంచి తూటాలు వచ్చి అవతలివైపు ఉక్కుకు టపటపా తగులుతున్నాయి. చాటున ఉన్నవాళ్లకు ఒక్కటీ తగలడం లేదు. డబ్బా గన్ను వాళ్ల తలల మీదుగా పేలడం మొదలుపెట్టింది.

అలా నిలబడితే మిస్సైల్ ఎప్పుడైనా రావచ్చు. గంగాధర్‌కు ఆ సంగతి తెలుసు. వాళ్లు గోడ చాటుకు చేరేదాకా అతను బండిని కదిలించలేదు.

సృజన్, మమత గోడ వెంబడి పాకి జెండా కూడలి చివరికి చేరారు. ఇక్కడి నుంచి సందులన్నీ కనిపిస్తున్నాయి. డబ్బా ఉన్న చోటి నుంచి ఇవేవీ కనిపించవు.

హెడ్‌సెట్‌లో గంగాధర్ గొంతు వినిపించింది.

"సృజన్, నాకు ఈడికెళ్లి సందులు కనవడ్తలేవు. ముందటికి రావాల్నా? ఎవలన్న ఉన్నరా ఆడ?"

సృజన్ ఒక్కో సందూ చూశాడు. చూసిన సందునే మళ్లీ చూశాడు. తను బండి నడిపేటప్పుడు కూడా అతను ఎన్నడూ అంత భయపడలేదు.

"ఎవలు లేరు," అన్నాడు. "రా."

గంగాధర్ మళ్లీ అడగలేదు. బండి కదిలిన చప్పుడు వినిపించింది.